అడగకపోయినా వరసలో పెట్టేది

తలుపు ఓరగా తీసి ఉంచాను. పేరు పండగ రోజు తలుపు మూయడం తప్పు, ఎవరినైనా పిలవడం అంతకన్నా తప్పు. పండగ ఎవరిదైతే వాళ్ళు బల్ల సర్దుకుని కూర్చోవాలి, మనం గుర్తున్నవాళ్ళు వస్తారు, లేనివాళ్ళు రారు, మన విలువెంతో సాయంత్రానికి మురికి గ్లాసులు చెప్పేస్తాయి. మట్టల ఆదివారం పువ్వు పేరున్న ఆడవాళ్ళందరికీ పండగే, బంతిపువ్వు పేరున్న నాకూ పండగే, అడవి అంచున పూసే ఊదాపువ్వు పేరు పెట్టుకున్న తెమెనుగకూ పండగే. ప్లోవ్‌దివ్ నగరంలో ఇన్ని పేర్లుండగా మా ఆయన అసేన్ మా వెబ్ పేజీల ఆఫీసులో ఉద్యోగమిచ్చిన పిల్లకి ఆ పేరే ఉండాలా. చర్చి నుంచి తెచ్చిన విల్లో కొమ్మ గుమ్మం పైన వాడిపోతోంది. టొమాటో, వెల్లుల్లి వేసి కాల్చిన పెద్ద చేప పళ్ళెంలో మూత కింద ఉంది, బియ్యం కూరిన ద్రాక్షాకు చుట్టలున్నాయి, రకియా సారా సీసా చుట్టూ చిన్న గ్లాసులు బోర్లించి ఉన్నాయి. తినేవాళ్ళే లేరు. తినాల్సిన మొదటి మనిషి బూట్లు వేసుకుని ఏరు దాటి ఆ ఊదాపువ్వు ఇంటికి వెళ్ళాడు, సర్వర్ బాగుచేయడానికట. బాగుచేయనీ. అతని కుర్చీ మీద అతని చొక్కా ఒకటి వేలాడుతోంది, అది తీసి మడతపెట్టాను, మడతపెట్టాక ఎందుకు మడతపెట్టానా అని మళ్ళీ విప్పి అలాగే పడేశాను.

ఉదయం స్తోయ్నా పిన్ని ఫోను చేసినప్పుడే నాకు కుడి కన్ను అదిరింది. ఆమెది పూలకొట్టు. ఏడాదంతా ఒక ఎత్తు, మట్టల ఆదివారం ఒక్కటీ ఒక ఎత్తు. ఎవరికి ఏ పూలు పంపాలో జనం కంప్యూటర్లో రాసుకుంటారు, మేం కట్టిన పేజీ ఆ ఇళ్ళన్నిటినీ పేటల వారీగా గుంపులు చేసి చీటీ తీస్తుంది, ఆ చీటీ పట్టుకుని మిన్చో వ్యాను నడుపుతాడు. ఆ పేజీ నేను రాసిందే. "పిల్లా, ఆరోగ్యంగా నీ పేరు నువ్వు మోసుకో. ముందు దీవెన చెప్పేశా, ఇక తిట్లు విను," అంది పిన్ని. "మిన్చో కర్షియాకా పేటలో ఓ ఇంటికి పూలిచ్చి, ఏరు దాటి త్రాకియా పోయి, అక్కడ ఓ గుత్తి ఇచ్చి, మళ్ళీ ఏరు దాటి కర్షియాకాకే వస్తున్నాడే. నా తులిప్‌లు వ్యానులోనే వాడిపోతున్నాయి. ఎప్పుడూ బుద్ధిగా పేట తరవాత పేట వచ్చే చీటీకి ఇవాళ ఏ దెయ్యం పట్టింది?" నేను లాప్‌టాప్ తెరిచి నడిపి చూశాను. నా దగ్గర పేటలన్నీ బడిపిల్లల్లా వరసలో నిలబడ్డాయి. నా దగ్గర బాగానే ఉంది అన్నాను. మా పనిలో ఈ మాట అనని మనిషి లేడు, విన్నవాడికి ఒళ్ళు మండించే మాట ఇంకోటి లేదు. అసేన్ బూటు లేసు కట్టుకుంటూ తలెత్తకుండానే అన్నాడు: "నీ దగ్గర బాగుంటే ఏం లాభం నెవేనా, మిన్చో వ్యాను నీ లాప్‌టాప్‌లో తిరగట్లేదుగా." తరవాత సంచీ భుజాన వేసుకుని, "సర్వర్ తాళాలు తెమెనుగ దగ్గరున్నాయి. వెళ్ళొస్తా," అన్నాడు. నీకేమనిపిస్తోంది అని అడగలేదు, నువ్వూ రారాదూ అనలేదు. మెట్ల మీద అతని అడుగులు ఎంత తేలిగ్గా పడ్డాయో విన్నాను. మా ఇంటికి ఎక్కేటప్పుడు ఆ అడుగులు అంత తేలిగ్గా పడవు.

తాళాలంటే ఇనప తాళాలు కావు, రహస్యపు మాటలు, అవి ఇదివరకు నా దగ్గరుండేవి. సర్వర్ అంటే సోఫియాలో ఎక్కడో అద్దెకి తీసుకున్న యంత్రం, జనం చూసే పేజీలన్నీ దాని మీద నడుస్తాయి. అదే పేజీల నకలు మా చేతికింద, లాప్‌టాపుల్లో ఉంటుంది, ముందు ఇక్కడ సరిచూసుకుని తరవాత అక్కడికి పంపుతాం. పేజీల అడుగున డేటాబేస్ ఉంటుంది, పేర్లూ చిరునామాలూ దాచి, అడిగినప్పుడు తీసిచ్చేది. ఇక్కడిదీ అక్కడిదీ ఒకే తరానివై ఉండాలి, లేకపోతే ఇక్కడ నవ్వేది అక్కడ ఏడుస్తుంది. ఇన్నేళ్ళూ నాదీ సోఫియాదీ ఐదో తరమే, కవలల్లా ఉండేవి. ఇప్పుడు ఎనిమిదోది వచ్చింది. మధ్యలో ఆరూ ఏడూ ఎటు పోయాయో, ఎవరితో లేచిపోయాయో నాకు తెలియదు. తెమెనుగ మా ఆఫీసుకి వచ్చిన రోజే తన లాప్‌టాప్‌లో ఎనిమిదోది పెట్టుకుని వచ్చింది, కొత్త కోడలు తన బట్టలు తనే తెచ్చుకున్నట్టు. నెల తిరక్కుండా అసేన్ కూడా తన లాప్‌టాప్‌లో అదే పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరివీ ఒకే తరం, నాదొక్కటే పాతది, నాకు తోడు సోఫియాలో ఆ ముసలి యంత్రం. ఈ వారం దాన్నీ లాక్కుపోయారు. నేను సింకు దగ్గర మూకుడు తోముతుంటే అసేన్ వెనక నుంచి, "నేనూ తెమెనుగా కలిసి సోఫియాది మార్చేశాం, పాతదాన్ని ఎన్నాళ్ళు మోస్తాం," అన్నాడు. నేను తిరగలేదు. తోమిన మూకుడే మళ్ళీ తోమాను. డేటాబేస్ గురించే అన్నాడు, నాకు తెలుసు, నాకేం పిచ్చి లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అడుగుల చప్పుడు. లేచి జుట్టు సర్దుకున్నాను. ఇద్దరు, కాదు ముగ్గురు, పూలకాగితం గరగరలాడుతోంది, రెండో అంతస్తు దాటారు, మా గుమ్మం ముందుకొచ్చారు, తీసి ఉన్న తలుపులోంచి నా బల్లకేసి ఓ చూపు చూసి పైకి వెళ్ళిపోయారు. పైన కమేలియా ఉంటుంది, ఆమెదీ పువ్వు పేరే. పైన తలుపు దగ్గర నవ్వులు, దీవెనలు, కుర్చీలు జరిపిన చప్పుడు. ఆవిడ వంటకి ఉప్పూ ఉండదు కారమూ ఉండదు, అయినా వెళ్ళారు. నా పళ్ళెం మీద మూత తీసి చూశాను, చేప తెల్లటి కన్నుతో నన్నే చూసింది. మూత పెట్టేశాను.

కాఫీలో చక్కెర మానేశాడు. అది ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు, ఒక పొద్దున చక్కెర డబ్బా అతని ముందుకి జరిపితే చేత్తో వెనక్కి తోశాడు, అప్పటినుంచీ అంతే. మా పెళ్ళైన కొత్తలో కాఫీలో చక్కెర వేసుకునేవాడు కాదు, చక్కెరలో కాఫీ పోసుకునేవాడు. ఆ పిల్ల సన్నగా ఉంటుంది, వెదురుపుల్లలా, చక్కెర ఎందుకు వేసుకుంటుంది. నాకు అర్థమైపోయింది. మొదట డేటాబేస్ మార్చాడు, తరవాత కాఫీ మార్చాడు, ఇక మిగిలిందేమిటి. నన్ను పీడించేది ఆ సన్నటి నడుం కాదు, ఒట్టు, ఆ వయసూ కాదు, నాకూ ఉండింది ఆ వయసు. నా కడుపు మండేది ఇంకోదానికి. ఆమెని అతను అడుగుతాడు. ఆఫీసులో నా బల్లకీ వాళ్ళ బల్లలకీ మధ్య గోడ లేదు, అన్నీ వినపడతాయి. తెమెనుగా, ఇది ఓసారి చూస్తావా. తెమెనుగా, నీకు వీలైతే రేపటికి చేసిపెడతావా. తెమెనుగా, నువ్వేమంటావు. అబ్బబ్బ, ఎంత మెత్తగా అడుగుతాడో. నన్ను చివరిసారి ఎప్పుడు అడిగాడు? వాళ్ళమ్మ పేరు పండగకి కానుక కొన్నావా అనైనా అడగడు, కొని ఉంటానని అతనికి తెలుసు. పంటి డాక్టరు దగ్గర రోజు ఖాయం చేశావా అని అడగడు, చేసే ఉంటాను. మేజోళ్ళు జతలు కలిపి ఉంటాయి, కరెంటు బిల్లు కట్టి ఉంటుంది, అతను రాసిన పేజీలో తప్పులు మర్నాటికి వాటంతటవే మాయమై ఉంటాయి. మొదట్లో, మా అమ్మ వంటింటి మూల బల్ల మీద ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరం మోచేతులు ఒరుసుకుంటూ కూర్చున్న రోజుల్లో, నెవేనా ఇది నాకు తెలియట్లేదు చెప్పవూ అని నా భుజం మీద గడ్డం ఆనించి అడిగేవాడు. ఆ గడ్డం గరుకు ఇప్పటికీ గుర్తుంది. అడగడం అతను మానేశాడా, అడగాల్సిన అవసరం నేనే లేకుండా చేశానా, ఆ లెక్క నాకు తేలలేదు.

ఏం తోచక మళ్ళీ లాప్‌టాప్ తెరిచాను. నేను రాసిన వాక్యం చదివాను. ఇళ్ళన్నీ తీయి, పేటల వారీగా గుంపులు కట్టు, అంతే రాశాను. వరసలో పెట్టమని ఎక్కడ రాశాను? పైనుంచి కిందికి చూశాను, కిందినుంచి పైకి చూశాను. ఎక్కడా రాయలేదు. నేను అడగనే లేదు. గుంపు కట్టమంటే చాలు, ఐదో తరంది తనంతట తనే గుంపుల్ని వరసలో పెట్టి ఇచ్చేది, ఇన్నేళ్ళూ అది ఊరికే చేసిపెట్టిన చాకిరీ, నేను దాన్ని నా తెలివి అనుకున్నాను. ఎనిమిదోది అలా కాదు. గుంపు కట్టమంటే కడుతుంది, చేతికి ఏది ముందు తగిలితే అది ముందు ఇస్తుంది. వరస కావాలంటే నోరు తెరిచి అడగాలి. తప్పేం లేదు దాన్లో, అడగని పని అది ఎందుకు చేయాలి. రెండు మాటలు చేరిస్తే చీటీ సరైపోతుంది.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. అసేన్ పేరు మీద బొటనవేలు పెట్టాను. ఆ రెండు మాటలు చెప్తే అక్కడ ఆ పిల్ల టకటకా కొట్టేస్తుంది, మిన్చో వ్యాను దారిన పడుతుంది, అసేన్, భలే తెమెనుగా, అంటాడు. ఎందుకంటే కొట్టింది ఆమె వేళ్ళు కదా. తరవాత ఆమె చేప వడ్డిస్తుంది. ఆమె కూడా చేప చేసే ఉంటుంది, పండగ కదా. నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. చెప్పను. తలలు పట్టుకోనీ. కొత్త సర్వరూ కొత్త పిల్లా కలిసి ఏం పొడుస్తారో పొడవనీ. చెమటతో ఆ పిల్ల కళ్ళకాటుక కారుతూ ఉంటుంది, అసేన్ గడ్డం గీరుకుంటూ నెవేన ఉంటే ఈపాటికి, అని అనుకుంటూ ఉంటాడు. అనుకోనీ. అడగనీ. ఫోనుంది కదా, నోరుంది కదా. ఇది పాడుబుద్ధి అని నాకు తెలుసు, కానీ ఆ కాసేపూ నాకు ఎంత హాయిగా ఉందో చెప్తే నవ్వుతారు, ఒక ద్రాక్షాకు చుట్ట తీసి నోట్లో కూడా వేసుకున్నాను.

ఫోను మోగింది. అతనే అనుకుని వెంటనే తీయకుండా ఊరించాను. తీరా చూస్తే స్తోయ్నా పిన్ని. ఈసారి తిట్లు లేవు, గొంతు దిగిపోయి ఉంది. "గడియారపు గుట్ట వెనక త్స్వెతాన బామ్మ లేదూ, ఆమెదీ పువ్వు పేరే, మనవడు వర్నా నుంచి తులిప్‌లు పంపమన్నాడు. చీటీలో ఆమె ఎక్కడో అట్టడుగున పడింది. గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుందటే, మెట్ల మీద చప్పుడైతే లేచి నిలబడుతోందట. పక్కింటావిడ ఫోను చేసి చెప్పింది. ఏదో ఒకటి చెయ్యండే తల్లీ." నేను సరే పిన్నీ అన్నాను. నా కుర్చీ కూడా గుమ్మానికి ఎదురుగానే ఉందని అప్పుడు చూసుకున్నాను.

చేప పళ్ళేనికి గుడ్డ చుట్టి ముడి వేశాను. లాప్‌టాప్ సంచీలో పెట్టాను. పండగ మనిషి ఇల్లు వదిలి పోవడం నేనెక్కడా వినలేదు, అయినా తలుపుకి తాళం వేశాను. ఫోనులో చెప్పెయ్యవచ్చు, ఆ సంగతి మొదటి మెట్టు మీదే గుర్తొచ్చింది, రెండో మెట్టుకి మరిచిపోయాను. కళ్ళతో చూడాలి నాకు. పిలవని పేరంటానికి వెళ్ళడం సిగ్గుమాలిన పనే, కానీ ఈ ఒక్కరోజూ పిలవకుండా వెళ్ళడమే మర్యాద, నన్ను ఎవరు ఆపుతారు. బజారు వీధంతా విల్లో కొమ్మలు పట్టుకున్న జనం, పిల్లల తలల మీద ఆకుల చుట్టలు, ఎవరో తెలిసినావిడ ఆరోగ్యంగా నీ పేరు మోసుకో నెవేనా అంది, మోస్తున్నా, చేపని కూడా మోస్తున్నా అన్నాను. నడకవంతెన మీద గాలికి గుడ్డ ఎగిరింది. కింద మారిత్స ఏరు బురదరంగులో పారుతోంది. పక్క వంతెన మీద తెల్ల వ్యాను ఒకటి ఇటు వచ్చింది, నేను చూస్తుండగానే వెనక్కి తిరిగి అటే వెళ్ళింది, మిన్చో అయినా అయి ఉంటాడు. ఏం చూడబోతున్నానో నాకు ముందే తెలుసు. అసేన్ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉంటాయి. రెండు లాప్‌టాపులు పక్కపక్కన, రెండు కాఫీలు, చక్కెర లేనివి. ఆమె ఏదో అంటే అతను నవ్వుతాడు, నా ముందు నవ్వని ఆ కొత్త నవ్వు. నన్ను చూడగానే ఆ నవ్వు ఆగిపోతుంది. ఆగే ఆ క్షణం కోసమే వెళ్తున్నాను, చీటీ కోసం కాదు. వంతెన దాటేసరికి పళ్ళెం బరువుకి చేతులు లాగుతున్నాయి.

ఆమె తలుపు కూడా ఓరగా తీసే ఉంది. పైన విల్లో కొమ్మ, నా కొమ్మకన్నా పచ్చగా. పాదంతో తోశాను. బల్ల నిండా పళ్ళాలు, పది మందికి సరిపడా, ఒక్కటీ ఎంగిలి కాలేదు. గ్లాసులన్నీ బోర్లించి ఉన్నాయి. తెమెనుగ కొత్త గౌనులో లాప్‌టాప్ ముందు ముడుచుకుని కూర్చుంది, ముక్కు ఎర్రగా ఉంది. అసేన్ లేడు. నా కళ్ళు అతని బూట్ల కోసం గుమ్మం అంతా వెతికాయి.

"వచ్చావా అక్కా," అంటూ లేచింది. "వస్తావని అసేన్ అన్నయ్య చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఈ ఊళ్ళో నన్నెవరూ ఎరగరు కదా, నిన్నొక్కదాన్నీ పిలుద్దామనుకున్నా. పిలవకూడదు, ఆవిడే వస్తుంది అన్నాడు."

"ఆయనెక్కడ?"

"మిన్చోతో వ్యానులో. చీటీలు ఒళ్ళో పెట్టుకుని చేత్తోనే వరస కడతానని అప్పుడే పోయాడు. కాఫీ కూడా తాగలేదు." ఆమె కాఫీ బల్ల మీద ఉంది. కప్పు పక్కన చక్కెర పొట్లాలు చింపి గుట్టగా పోసి ఉన్నాయి. నేను ఆ పొట్లాల్నే చూస్తూ నిలబడ్డాను. "అక్కా, పొద్దున్నుంచీ చూస్తున్నా, నాకు తెలియట్లేదు. నువ్వు రాసిందాన్లో తప్పు లేదు, అయినా వరస రావట్లేదు. నాకు చెప్తావా?"

అంతే, అడిగేసింది. అడగాల్సినవాడు అడగలేదు, అడిగితే బాగుండునని నేను కలలో కూడా అనుకోని పిల్ల ముక్కు చీదుకుంటూ అడిగింది. నేను పళ్ళెం దింపి, చేతులు తుడుచుకుని, ఐదో తరంది అడగకుండా ఏం చేసేదో, ఎనిమిదోది అడిగితే గానీ ఏం చేయదో చెప్పాను. ఆమె రెండు మాటలు కొట్టింది. పేటలన్నీ వరసలోకి వచ్చి నిలబడ్డాయి, గడియారపు గుట్ట అన్నిటికన్నా పైన. "అడగకుండానే చేసేదా?" అంది ఆశ్చర్యపోతూ. "చేసేది," అన్నాను. "పాపం," అంది. దేని గురించి అన్నదో నేను అడగలేదు. స్తోయ్నా పిన్నికి ఫోను చేసి, కొత్త చీటీలో మొదటి ఇల్లు త్స్వెతాన బామ్మదని చెప్పాను.

అసేన్ చాలాసేపటికి వచ్చాడు, చొక్కా మీద పుప్పొడి, జుట్టులో ఆకు. నన్ను చూసి అతని నవ్వు ఆగలేదు, ఇంకా పెద్దదైంది, అది నేనెరిగిన పాత నవ్వే. "చెప్పానా తెమెనుగా, తనే వస్తుందని. నెవేనకి పిలుపూ అడగడమూ అక్కర్లేదు," అన్నాడు గొప్పగా, ఇంట్లో గట్టి సామాను గురించి చెప్పుకున్నట్టు. తెమెనుగ అతని ముందు కాఫీ పెట్టి పొట్లాలు జరిపితే చేత్తో వెనక్కి తోశాడు. చక్కెర ఎందుకు మానేశావు అన్నాను. "నువ్వే కదా అన్నావు చలికాలంలో, పొట్ట వస్తోందని," అన్నాడు. నేనన్నానట. నాకు గుర్తు కూడా లేదు. ఒక్కసారి అన్న మాటకి, మళ్ళీ అడగకుండానే, ఇన్ని నెలలుగా ఈ మనిషి చేదు కాఫీ తాగుతున్నాడు. నా లోపల మంట సగం ఆరింది. మిగతా సగం అలాగే ఉంది, దానికి చక్కెరతో పని లేదు.

అతను నా చేపని చూసి, కుర్చీ లాక్కుని, పళ్ళెం ముందుకి తోశాడు, ఎప్పుడూ తోసినట్టే, నా వైపు చూడకుండా, తెమెనుగతో ఏదో చెప్తూ. నేను మూత తీశాను. పెద్ద ముక్క గరిటెలోకి తీశాను. అక్కడే ఆగాను. అతను మాట ముగించాడు, పళ్ళెం చూశాడు, ఖాళీగా ఉంది, నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు. తెమెనుగ తల దించుకుని గ్లాసులు తిప్పుతోంది. చేప మీద పులుసు చుక్క బల్లగుడ్డ మీద పడింది. అతని గడ్డం కదిలింది, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"నెవేనా," అన్నాడు, "కొంచెం పెడతావా?"

పెట్టాను.